బావమరిది కంటే ముందు పట్టించిన గోధుమలు

గోధుమ పిండిని గుప్పెట్లోకి తీసుకుని ఒక్కసారి వాసన చూస్తే చాలు, అది ఏ రాష్ట్రం గోధుమో, కొత్తదో పాతదో, పట్టేటప్పుడు మిల్లు రాయి ఎంత వేడెక్కిందో చెప్పేయగలను. పట్టించినవాడి బుద్ధి ఎలాంటిదో కూడా చెప్పగలను. ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు మంట ముందు ఒక జీవితకాలం నిలబడి రాటుదేలిన ముక్కు ఇది. కూర్మన్నపాలెం జంక్షన్‌కి వచ్చి, ఇంట్లో బ్రెడ్డు చేసుకోవడానికి మంచి పిండి ఏదో ఎవరికి తెలుసని అడగండి. చిన్నా పెద్దా అందరూ మా వీధి వైపే చెయ్యి చూపిస్తారు.

ఇంత విద్య నాకు అబ్బిందంటే ఆ పుణ్యం మా బావమరిదిది. వాడి మీద పగ లేకపోతే నాకు గోధుమకీ బార్లీకీ తేడా తెలిసేది కాదు.

బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. క్రేను పైనుంచి అందరినీ చీమల్లా చూసిన అలవాటు నేల మీదికి దిగాక కూడా పోలేదు. మధురవాడలో కొత్త ఫ్లాటు కొని గృహప్రవేశానికి పిలిచాడు. నేనప్పటికి కొత్తగా ఓవెన్ కొన్నాను. మా ఆవిడకి షుగరు. మైదా బ్రెడ్డు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. పొట్టుతో సహా గోధుమ పిండి, ఉప్పు, ఈస్టు, నీళ్లు, ఇవి తప్ప ఇంకేమీ లేని రొట్టె నా చేత్తోనే చేసి పెడతానని శపథం చేసి, మొదటగా కుదిరిన రొట్టెని కొత్త తువ్వాలులో చుట్టి గృహప్రవేశానికి పట్టుకెళ్లాను. కుదిరింది అని నేననుకున్నాను.

వాడు తువ్వాలు విప్పాడు. రొట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. వంటింటి గ్రానైటు గట్టు మీద రెండుసార్లు కొట్టాడు. టకటకమని మోగింది.

"ఏటి బావా ఇది. రొట్టేనా, మీ ప్లాంటోళ్లు ఫర్నేసులో పేర్సీ ఇటిక గానీ అట్టుకొచ్చీసినావా?"

చుట్టాలందరూ ఆ వంటింటి గుమ్మంలోనే ఉన్నారు. వాడక్కడితో ఆగలేదు.

"మెల్లగా ఎట్టండర్రా. గట్టు కొత్తది. పగిలిపోగల్దు."

అందరూ నవ్వారు. నవ్వనీ, నాకేం. చుట్టాలన్నాక నవ్వకపోతే ఎందుకు వస్తారు. నేను ఓర్చుకోలేకపోయింది ఒక్క నవ్వుని. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూడా, గుర్తొచ్చినప్పుడల్లా భుజాలు కదిలిపోతున్నాయి.

అంతటితో ఊరుకున్నా నేను మర్చిపోయేవాణ్ణేమో. కొన్నాళ్లు పోయాక ఒక ఆదివారం వాడు మా ఇంటికి వచ్చి, సంచిలోంచి ఓ రొట్టె తీశాడు. ఎత్తుగా, మొహం మీద చక్కటి గోధుమరంగుతో, వేలితో నొక్కితే మళ్లీ పైకి లేస్తోంది.

"అక్కా, బావని సూసి నానూ నేర్సుకున్నాను. తిని సెప్పు."

బావని చూసి నేర్చుకున్నాడట. మా ఆవిడ ఒక ముక్క తింది. తిని, ఖాళీ పళ్లెం ముందుకు జరిపి, "ఇంకో ముక్క ఎట్రా" అంది.

నా రొట్టె ఏనాడూ ఆవిడ రెండో ముక్క అడగలేదు. మొదటి ముక్క కూడా టీలో నానబెట్టుకుని, మందు మింగినట్టు మింగేది. ఆ పళ్లెం ముందుకు జరిగిన చప్పుడు నా చెవుల్లో ఉండిపోయింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నేను చేసిన రొట్టెలో మా ఆవిడ నోరు తెరిచి రెండో ముక్క అడగాలి. ఆ మాట వాడి చెవిన పడాలి. అంతవరకూ వాడికి మా ఇంట్లో టీలో చక్కెర ఒక చెంచా తగ్గింది. అది మాత్రం ఆ క్షణం నుంచే అమల్లోకి వచ్చింది.

మొదట వాడు మైదా కలుపుతున్నాడనుకున్నాను. ముడి గోధుమ పిండితో రొట్టె అంత పొంగదని నా నమ్మకం. పట్టుకుంటే సరి, అక్కకి షుగరని తెలిసీ మైదా పెట్టినవాడివని అందరిలో దులిపేయొచ్చు. ఫ్లాటుకి వెళ్లి, మంచినీళ్లు తాగుతానని వంటింట్లోకి దూరి, వాడి డబ్బాలోంచి గుప్పెడు పిండి జేబురుమాల్లో మూట కట్టుకొచ్చాను. దొంగతనమే. పగలో చిన్న దొంగతనాలు లెక్కలోకి రావు.

ఇంటికొచ్చి జల్లించాను. జల్లెడలో పొట్టు మిగిలింది. కొంచెం ముద్ద చేసి, నానబెట్టి, కుళాయి కింద పిసుకుతూ కడిగాను. తెల్లటి గంజంతా పోయాక వేళ్ల మధ్య జిగురు ముద్ద ఒకటి మిగిలింది. లాగితే సాగుతోంది. వదిలితే మళ్లీ వెనక్కి పోతోంది. రొట్టెలో గాలిని పట్టి నిలబెట్టేది ఆ జిగురే. నా డబ్బాలోని ప్యాకెట్ పిండిని కూడా అలాగే కడిగాను. పోగులు పోగులుగా తెగిపోయి చాలావరకు కాలవలోకి వెళ్లిపోయింది. చపాతీకి అది మంచి పిండే, మెత్తగా ఒత్తుకోవచ్చు. కానీ కొని ఎంతకాలమైందో, వాసన చూస్తే పాత నూనె గుర్తొస్తోంది. వాడిది మైదా కాదు. మంచి గోధుమ ఏరి, తాజాగా పట్టించుకున్న పిండి. నాకు ఇంకా మండింది. దొంగైతే పట్టుకుని కొట్టొచ్చు, నిజాయితీపరుణ్ణి ఏం చేస్తాం.

సరే, వాడికంటే మంచి గోధుమ పట్టాలి. గాజువాకలో బస్తాలు మూతి విప్పి పెట్టే దుకాణానికి మా ఆవిణ్ణి తీసుకెళ్లాను. గోధుమలో జిగురుందో లేదో తెలియాలంటే పచ్చి గింజలు నోట్లో వేసుకుని నమలాలి. చిన్నప్పుడు పిల్లలం నమిలి బబుల్‌గమ్ అని ఆడుకునేవాళ్లం, అదే పరీక్ష. మంచి గింజ నమిలేకొద్దీ జిగురు ముద్దవుతుంది. పనికిరానిది పిండిలా కరిగి గొంతులోకి జారిపోతుంది. నేనే నమిలాను. నా పళ్లు కట్టుడు పళ్లు. మొదటి బస్తా గింజలకే పై సెట్టూ కింది సెట్టూ ఒకదానికొకటి అతుక్కుపోయి, దుకాణదారుతో బేరం ఆడాల్సినవాణ్ణి సైగలు చేస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత నమిలే పని మా ఆవిడకి అప్పజెప్పాను.

"పగ మీది, దవళ్లు నావీనేటి" అంటూనే ఒక్కో బస్తాలోంచి నాలుగేసి గింజలు నమిలి, కళ్లు మూసుకుని, చివరికి పొడుగ్గా, బంగారు రంగులో మెరిసే గింజల బస్తా చూపించింది. "ఇది సాగతన్నాది" అంది.

ఆ గోధుమ ఖరీదైనది. అందుకని కాస్తే కొన్నాను, ఒక్క యుద్ధానికి సరిపడా.

యుద్ధం తిథి కూడా కుదిరింది. ఆషాఢ పౌర్ణమికి మా చుట్టాలంతా సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తారు. మర్నాడు సాయంత్రం మా ఇంటికొచ్చి, కాళ్లు చాపుకుని, ఎవరి అరికాలు ఎంత బొబ్బలెక్కిందో చూపించుకుంటూ టీ తాగడం ఏటా ఉన్నదే. గృహప్రవేశంలో నవ్విన నోళ్లన్నీ ఒక్కచోట ఉంటాయి. బావమరిదికీ నాకూ మోకాళ్లు సహకరించవు కాబట్టి ఇద్దరం నడవం. వాడు ఫోను చేసి, "బావా, టీలోకి బ్రెడ్డు నాను తెత్తాను. నువ్వు కట్టపడకు" అన్నాడు. "నానూ సేత్తన్నాను, ఒట్టి సేతుల్తో రా" అన్నాను. "అలగైతే రెండూ ఎడదాం. జనమే సెప్తారు" అన్నాడు.

పౌర్ణమికి ముందు రోజు మా జంక్షన్‌లోని పిండి మిల్లుకి నా గోధుమల డబ్బా పట్టుకెళ్లాను. అక్కడ వాడు. మధురవాడలో అపార్టుమెంట్లే గానీ పిండి మిల్లు దగ్గర్లో లేదని, అక్కని చూడ్డానికి వచ్చినప్పుడల్లా వాడు మా మిల్లులోనే పట్టించుకుంటాడు. అంటే నన్ను ఓడించే పిండి ఇంతకాలం మా వీధి చివరే తయారవుతోందన్నమాట.

మిల్లులో మనుషులు వరుసలో నిలబడరు. డబ్బాలు నిలబడతాయి. డబ్బా పెట్టేసి మనిషి టీకి పోతాడు. ఇంకో పద్ధతి కూడా ఉంది. గోధుమల వెనక గోధుమలు, బియ్యం వెనక బియ్యం. ముందు పట్టిన పిండి కొంత రాళ్ల మధ్యా, కింద పిండి జారే గుడ్డ తొడుగులోనూ ఉండిపోతుంది. ఆ తర్వాత వేసినవాడి డబ్బాలో అదే ముందు పడుతుంది. బియ్యం వెనక గోధుమలు వేయాల్సి వస్తే, కాసిని నాసిరకం గింజలు ముందు ఆడించి రాళ్లు తుడిపించుకుంటారు, లేదా ఇంకెవరైనా వచ్చేదాకా ఆగుతారు. ఈ సంగతి నాకు తెలియదనుకునేరు. మా వీధిలో అందరికీ తెలిసినట్టే నాకూ తెలుసు. కానీ పగలో ఉన్నవాడికి వెనకున్నవాడే కనబడతాడు, ముందున్నది కనబడదు.

వాడి డబ్బా నా డబ్బాకి ముందుంది. వాడు పక్క కొట్లో టీకి వెళ్లాడు. నేను అటూ ఇటూ చూసి, కాలితో వాడి డబ్బాని వెనక్కి నెట్టి, నాది ముందుకు జరిపాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వాడు మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటి బావా, నా డబ్బా యెనక్కెల్లిపోనాది?"

"గాలికి జరిగుంటాది" అన్నాను.

వాడు డబ్బా వైపు చూశాడు. నా వైపు చూశాడు. అప్పుడే మిల్లు దగ్గర ఒకావిడ శుభకార్యానికి జంతికల బియ్యం పట్టించుకుని, పెద్ద పెద్ద డబ్బాలకి మూతలు పెడుతోంది. ఆవిడ వైపు కూడా చూశాడు. ఆ తర్వాత చిరునవ్వు నవ్వాడు.

"పోన్లే. పెద్దోడివి. నువ్వే ముందెట్టించు."

"మరే. వయసుకి మర్యాదుండాల కదా" అన్నాను.

మిల్లామె నా డబ్బా అందుకుంటూ, "తాతా, ఇప్పుడే ఎట్టీమంటారా, కాసేపాగుతారా?" అని అడిగింది.

"ఆగడానికి నాను రానేదు. ఎట్టీ" అన్నాను.

ఇంటికొచ్చి, వెచ్చగా ఉన్న పిండిని ఆ డబ్బాలోంచి స్టీలు డబ్బాలోకి బోర్లించాను. పైన పిండి తెల్లగా, మెత్తగా ఉంది. మా ఆవిడ చూసి, "ఇంత తెల్లగున్నాదేటి?" అంది. నేను గుప్పెడు తీసి వాసన చూసి, మేలురకం గోధుమ అలాగే ఉంటుందనీ, మామూలు జనానికి ఆ తేడా తెలియదనీ, చాలాసేపు వివరించాను. ఆవిడ మధ్యలోనే లేచి కూర చూడ్డానికి వెళ్లిపోయింది.

పిండి కలుపుతుంటే సాగలేదు. లాగితే తడి ఇసకలా విరిగింది. ఆషాఢం తేమ అనుకున్నాను. ఇంకాస్త నీళ్లు, ఇంకాస్త పిసుకుడు. పొంగడానికి పెడితే మొహం మీద పగుళ్లిచ్చింది గానీ పైకి రాలేదు. ఓవెన్‌లోంచి తీసేసరికి పాలిపోయి, పలకలా ఉంది. ఇంకోటి చేయడానికి వేళ లేదు. చుట్టాలు గేటు తీస్తున్నారు.

వాడి రొట్టె బల్ల మీద పెట్టగానే అందరూ అటు వంగారు. నాది గుడ్డ కప్పి ఉంచాను. "బావది కూడా తియ్యండర్రా" అని వాడే గుడ్డ లాగాడు. కోశాడు. ముక్క పొడిపొడిగా రాలింది. రాలినదాన్ని ఏరి నోట్లో వేసుకుని, జడ్జీలా ఆలోచించాడు.

"బాగున్నాది బావా. అల్లం పచ్చడుంటే అచ్చం అట్టు తిన్నట్టే ఉంటాది."

"ఏటంటావు నువ్వు?"

"బియ్యం రుసి. జంతికల బియ్యం యెనకాల నీ గోధుమలు ఎట్టించినావు కదా. రాళ్లకి అతుక్కున్న బియ్యప్పిండంతా నీ డబ్బాలోకి ఎల్లిపోనాది. నా గోధుమలకి మాత్రం రాళ్లు సుబ్బరంగా తుడిసి ఇచ్చినావు. రుణం తీర్సుకోనేను."

"సూసి కూడా సెప్పనేదేటి?"

"గాలికి జరిగిన డబ్బాని ఆపడానికి నానెవుణ్ని బావా?"

బొబ్బలెక్కిన కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ నవ్వారు. మా ఆవిడ ఈసారి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. వాడి రొట్టె రెండు ముక్కలు తింది. మూడోది ఇంటికి ఉంచమంది. మా ఇల్లే అది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదట్లో నా ముక్కు గురించి రాసింది కాస్త సాగదీసి రాశాను. సొంత డబ్బాలో బియ్యప్పిండి ఉంటే వాసన పట్టలేని ముక్కు ఇది. ఏడాదిలో సగం రోజులు జలుబే. పాత పిండి పాత నూనె వాసన కొడుతుందన్నదొక్కటే నాకు నిజంగా తెలుసు, అదీ మా ఆవిడ చెబితే తెలిసింది. ఫర్నేసు మంట ముందు నిలబడ్డదీ లేదు. నేను పనిచేసింది స్టోర్సులో. ఫర్నేసు దగ్గర నిలబడేవాళ్లకి చేతి తొడుగులు ఇచ్చేవాణ్ణి. ఇక జంక్షన్‌లో మంచి పిండి సంగతి అడిగితే మా వీధి చూపిస్తారన్నది అబద్ధం కాదు. చూపించి నవ్వుతారని రాయలేదు, అంతే.

కానీ పగ అబద్ధం కాదు. మర్నాడు పొద్దున్న మిగిలిన పిండి ఆవుకి పెట్టేద్దామని స్టీలు డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. గిన్నెలోకి వంచుతుంటే పైన తెల్లటి పిండి జారి, దాని కింద వేరే రంగు కనిపించింది. చెయ్యి పెట్టి తోడాను. అడుగున ఉన్నదంతా గోధుమ రంగు. సన్నటి పొట్టు చుక్కలు. అప్పుడు వెలిగింది. మిల్లులో బియ్యప్పిండి నా డబ్బాలో ముందు పడి అడుక్కి పోయింది. అసలు గోధుమ పిండి దాని మీద పడింది. ఇంటికొచ్చి నేను బోర్లించాను. కింద ఉన్న బియ్యం పైకొచ్చింది. యుద్ధానికి నేను పైన ఉన్నది తోడుకున్నాను. మా ఆవిడ నమిలి ఏరిన గోధుమ డబ్బా అడుగున క్షేమంగా ఉంది.

ఆవుకి ఆ పైదే పెట్టాను. వీధిలోనే ఉంటుంది కాబట్టి దానికి అట్టు రుచి కొత్త కాదు.

మిగిలినది కలిపాను. ఈసారి ముద్ద చేతికి ఎదురు తిరిగింది. లాగితే పల్చగా సాగి, వెలుగుకి పట్టి చూస్తే అవతలి వేళ్లు మసకగా కనబడ్డాయి. పొట్టు బాగా నానడానికి కాసేపు వదిలేసి, మళ్లీ మడతలు పెట్టి, అచ్చులో వేశాను. అచ్చు అంచు దాటి పైకి వచ్చింది. ఓవెన్ అద్దంలోంచి చూస్తూ పీట వేసుకుని కూర్చున్నాను. పొంగుతున్నంతసేపూ నాకు రొట్టె కనబడలేదు, వాడి మొహం కనబడింది. చిరునవ్వు మాయమైన మొహం.

చల్లారేదాకా ఆగి, కోసి, మా ఆవిడకి పెట్టాను. లోపల చిన్న చిన్న గూళ్లు, మెత్తగా. ఆవిడ టీలో ముంచకుండానే కొరికింది. నమిలింది. ఆ తర్వాత రెండో ముక్క అడిగింది.

వెంటనే ఫోను తీసి బావమరిదికి కలిపాను.

"మీ అక్క రెండో ముక్క అడిగినాది" అన్నాను. ఇంకేమీ అనలేదు. అనాల్సిన పని లేదు.

"అక్కకి ఇయ్యి ఫోను. అక్కసేత సెప్పించు" అన్నాడు.

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. వాడు నమ్మినా నమ్మకపోయినా ఆ రోజు రాత్రి అన్నం సహించి ఉండదు. నాకంత చాలు. వచ్చే ఆదివారం వాడి టీలో చక్కెర మామూలుగానే వేద్దామనుకుంటున్నాను. గెలిచినవాడికి ఆమాత్రం ఉదారం ఉండాలి.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. అయిపోయాక చేతిలో ఉన్న కాయ పూర్తిచేసి తలెత్తింది.

"రెండో ముక్క నానడగనేదు" అంది. "ఒకటి తినీసి సెయ్యి కడిగీసుకున్నాను. మీరే ఇంకోటి కోసి నా పళ్లెంలో ఎట్టీసి, తినీదాకా ఎదురుగా కూకున్నారు. కడుక్కున్న సెయ్యి మల్లీ ఎంగిలి సేసుకున్నాను. అది రాయండి."